కరిసల్ నేలలో పాత ఇంటికి కొత్త గది

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్న సామెత మన ఇండ్లలో ఇంకా వినబడుతూనే ఉన్నది. తమిళ సోదరులూ ఇదే మాట అంటారు. అయితే తాతగారు కట్టిన ఇంటికి మనుమడు ఒక గది చేర్చడమెలాగో ఏ సామెతా చెప్పలేదు. ఈ పత్రిక చదివే కుటుంబాలలో చాలామందికి నేడు కొత్త ఇంటి కంటె ఈ పనే ముందుకు వస్తున్నది. పెద్దలకు మోకాళ్ళు నొప్పులు. పెరటి చివరనున్న స్నానాల గదికి రాత్రిపూట పోలేరు. పిల్లలు పై ఊళ్ళనుండి వస్తే పడుకొనడానికి చోటు చాలదు. ఇంటి ముందుభాగం చూస్తే వెలిసిపోయి ఉన్నది. ఇల్లు పడగొట్టడానికి మనసు రాదు, అలాగే వదలడానికి వీలు కాదు.

మా సంగతీ ఇదే. ఉద్యోగం విరుదునగరంలో గుమాస్తాగిరి, సొంత ఇల్లు కయత్తారులో. అక్కడ మా అమ్మ, చిన్నాయన కుటుంబం ఉన్నారు. ఒక గది, దానికి ఆనుకొని స్నానాల గది, ముందుభాగానికి కొత్త రూపు, ఇవి మా అవసరాలు. రాయి వేయకముందు ఆరు ఆదివారాలు మా ఇంటివారు, మేము కలిసి విరుదునగరం మొదలు కయత్తారు వరకు, అటు ఎట్టయపురం వరకు, ఇండ్లు చూస్తూ తిరిగినాము. గుళ్ళు చూడడానికి పోయినవారు గోపురం చూస్తారు; మేము గోడల మొదళ్ళు చూచినాము. ఆ చూచినది నలుగురికి పనికి వచ్చునని ఇక్కడ వ్రాస్తున్నాము.

కయత్తారు తెలియని వారికి రెండు మాటలు. మదురై నుండి తిరునెల్వేలికి పోయే పెద్ద రోడ్డు మీద, కోవిల్పట్టికి దక్షిణాన ఉన్న ఊరు ఇది. తూత్తుకుడి జిల్లాలో తాలూకా కేంద్రం. పాంచాలంకురిచ్చి పాళెగాడు వీరపాండ్య కట్టబొమ్మనను 1799 అక్టోబరు 16వ తేదీన ఇంగ్లీషువారు ఉరి తీసినది ఇక్కడే. తెలుగు ఇంటి భాషగా గల రాజకంబళ నాయకుల వంశంవాడు కట్టబొమ్మన. 1959లో ఆయన పాత్ర ధరించి పేరు పొందిన శివాజీ గణేశన్, తానే స్థలం కొని 1970లో ఇక్కడ విగ్రహం పెట్టించినారు. 2015లో ప్రభుత్వం మణిమండపం కట్టింది. ఊరి చుట్టూ గాలిమరలు. షెంకోట కనుమలోనుండి దూసుకువచ్చే పడమటి గాలి ఈ ప్రాంతానికి వరము, కూరేకుల ఇండ్లకు మాత్రం శాపము. గాలిమరలను పరీక్షించే కేంద్ర ప్రభుత్వ కేంద్రం కూడా కయత్తారులోనే ఉన్నది.

గాలి సంగతి తరువాత చెప్పుకొందాము. ముందు నేల సంగతి.

మన పూర్వులు ఇక్కడికి వచ్చి స్థిరపడినది ఎక్కువగా నల్లరేగడి నేలలో. తమిళంలో దీనిని కరిసల్ అంటారు. కమ్మవారు, రెడ్లు, కంబళ నాయకులు, అరుంధతీయులు, ఇలా తెలుగు మాటలాడే ఎన్నో కులాలవారు ఈ నేలలోనే ప్రత్తి, సజ్జ, మినుము పండించి బ్రతికినారు. ఈ నేల సేద్యం కొరకే కోవిల్పట్టిలో 1901లో వ్యవసాయ పరిశోధన కేంద్రం పెట్టినారు. ఇడైసేవల్ గ్రామంలో తెలుగు ఇంట పుట్టి తమిళంలో వ్రాసిన కి. రాజనారాయణన్, కరిసల్ జీవితాన్నే తన సాహిత్యంగా చేసుకొన్నారు. తెలుగువారు వలస వచ్చి అడవి కొట్టి ఊరు కట్టుకొన్న కథను ఆయన ‘గోపల్ల గ్రామం’ నవలలో చెప్పినారు. దాని తరువాతి నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానం వచ్చినది. ఆయన 2021లో కాలం చేసినారు. కోవిల్పట్టి నుండి కయత్తారు వచ్చే దారిలోనే ఇడైసేవల్ ఉన్నది. మేము అక్కడా దిగి వీధులు చూచినాము.

పంటకు తల్లి వంటి ఈ నేల గోడకు మాత్రం సవతి తల్లి. దానిలోని బంకమన్ను నీరు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. చైత్ర వైశాఖాలలో పొలంలో చేయి దూరేటంత నెఱ్ఱెలు పడతాయి. మనకు పెద్ద వాన ఆశ్వయుజ కార్తీకాలలో, ఈశాన్య ఋతుపవనంతో వస్తుంది. అప్పుడు నెఱ్ఱెలన్నీ పూడి నేల పైకి లేస్తుంది. ఏటా ఒకసారి లేచి ఒకసారి దిగే నేల మీద ఇల్లు కూర్చున్నది. ఎత్తు తగ్గులు అంతటా ఒకేలా ఉంటే చిక్కు లేదు. గోడ ఒక మూల ఎక్కువగా, మరొక మూల తక్కువగా కదిలినప్పుడే బీట వస్తుంది.

పాత ఇల్లు ఈ కదలికకు నలభై యాభై ఏండ్లుగా అలవాటు పడినది. రాతి పునాది, మట్టి అడుసుతో కట్టిన గోడ, మీద సున్నపు పూత, తాటి దూలాలు, దాని మీద మద్రాసు మిద్దె. ఇవన్నీ కొంచెం మెత్తని వస్తువులు. కొద్దిగా వంగుతాయి, సన్నని వెంట్రుక బీటలు పడతాయి, మళ్ళీ సున్నం కొడితే మూసుకొంటాయి. దాని పక్కన సిమెంటుతో కట్టిన కొత్త గది గట్టిది, వంగదు. పైగా దాని కింది నేల ఇంకా బరువు చూడని నేల. మొదటి రెండు మూడు వానకాలాలు అది తన చోటు వెతుక్కొంటుంది. ఈ రెంటిని గట్టిగా కట్టివేస్తే ఏదో ఒకటి తెగవలసినదే.

మేము చూచిన ఇండ్లలో చాలా వాటిలో ఇదే జరిగినది. ఒక ఊరిలో మా దూరపు బంధువులు పాత ఇంటికి వంటిల్లు చేర్చినారు. గుత్తకు తీసుకొన్నతను పాత గోడలో పళ్ళు కొట్టి, కొత్త ఇటుకలను వాటిలో దూర్చి, రెంటినీ ఒకే గోడ చేసినాడు. చూడడానికి ముచ్చటగా ఉన్నది. రెండవ కార్తీకానికి అతుకు దగ్గర నేలనుండి కప్పు వరకు బొటనవ్రేలు దూరేటంత బీట. సిమెంటు పూసినారు, మరుసటి ఏడు మళ్ళీ అక్కడే విచ్చినది. గుత్తదారుకు ఫోను చేస్తే నేల తప్పు అన్నాడట. నేల మన తాతల నాటి నుండి అదే నేల కదా!

అందువల్ల మా మొదటి సూత్రం ఇది: కొత్త గది పాత ఇంటికి ఆనుకొని ఉండవచ్చును, దానిమీద ఆధారపడకూడదు. కొత్త గదికి నాలుగు వైపులా తన గోడలు, తన పునాది. పాత గోడకు, కొత్త గోడకు నడుమ ఒక అంగుళం ఖాళీ. ఆ ఖాళీలో అడుసు పడకుండా థర్మోకోల్ పలక పెట్టినారు. లోపలి వైపు, బయటి వైపు ఖాళీని ఒక పట్టీతో కప్పినారు. ఆ పట్టీకి మేకులు ఒక గోడకే కొట్టవలెను, రెండు గోడలకూ కొట్టితే పని చెడినట్లే. గుమ్మం దగ్గర నేలలోనూ ఆ ఖాళీ కొనసాగవలెను. పైన కప్పు కలిసే చోట వాన దిగకుండా జింకు రేకును మడిచి తొడిగినారు. ఇంజనీర్లు దీనిని ఎక్స్‌పాన్షన్ జాయింట్ అంటారు. మా మేస్త్రి గ్యాపు అన్నాడు. మా అమ్మ ఆ ఖాళీ చూచి, “ఇదేమిరా, అన్నదమ్ములు వేరు పడినట్లు కడుతున్నారు?” అన్నది. చిన్నాయన నవ్వి, “వేరు పొయ్యి పెట్టుకొన్నా వాకిలి ఒకటే గదా వదినా” అన్నాడు.

రెండవది పునాది లోతు. నల్లరేగడి పైపొరలో పునాది ఆపకూడదు. నేల కదలని పొర దాకా పోవలెను. మాకు ఆరడుగుల కింద సున్నపు గరుసు తగిలినది, అక్కడ రాతి పునాది వేసినాము. మీ ఊరిలో రేగడి ఇంకా లోతుగా ఉంటే కందకం తవ్వడం ఖర్చు. అటువంటి నేలల కొరకు రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు ఎన్నడో మార్గం చూపించినారు. నేలలో సుమారు మూడున్నర మీటర్ల లోతు బొరియ తొలిచి, అడుగున దానిని గంట ఆకారంలో వెడల్పు చేసి, ఇనుము పెట్టి కాంక్రీటు పోస్తారు. అడుగున ఉబ్బు, పైకాడ కంటె రెండున్నర రెట్లు వెడల్పు. నేల పైకి లాగినా ఆ ఉబ్బు పట్టుకొని నిలుస్తుంది. ఈ కంబాల తలలను కలుపుతూ కాంక్రీటు దూలం వేసి దానిమీద గోడ కడతారు. ఆ దూలం కింద మూడంగుళాల ఖాళీ ఉంచవలెను. ఉబ్బిన నేల దూలాన్ని తాకి ఎత్తకుండా ఆ జాగ్రత్త. తూత్తుకుడి, విరుదునగరం జిల్లాలలో ఈ పని తెలిసినవారు దొరుకుతారు. అడిగితేనే చేస్తారు, అడగనిదే ఎవరూ చేయరు.

కందకం తవ్విన నల్లమట్టినే మళ్ళీ గది లోపల నింపడం వాడుక. మట్టి మోయించే కూలి మిగులునని అలా చేస్తారు. అది తగదు. ఆ మట్టి లోపల ఉబ్బి నేలబండలను ఎత్తివేస్తుంది. దానిని పొలానికి పంపి, గరుసు తెప్పించి నీరు పోసి పొరలు పొరలుగా దిమ్మిస కొట్టించవలెను.

మూడవది నీరు. ఇంటి కింది నేల ఏడాది పొడుగునా ఒకే తడితో ఉంటే సగం చిక్కు తీరుతుంది. గోడ చుట్టూ మూడడుగుల వెడల్పున బయటికి వాలుగా గచ్చు వేసినాము. స్నానాల గది నీరు గోడ మొదట్లో ఇంకకూడదు. వేపచెట్టు చల్లనిదే గాని గోడకు దగ్గరగా ఉంటే నేలలోని తడి పీల్చివేస్తుంది. చెట్టు ఎంత ఎత్తు పెరుగునో అంత దూరం ఉంచడం మంచిది. ఇక వాననీటి సేకరణ. తమిళనాడులో 2003 నుండి ప్రతి కట్టడానికీ ఇది తప్పనిసరి. చాలామంది ఇంటి మూలనే గుంత తవ్వి గొట్టం దింపుతున్నారు. ఇసుక నేలలో అది చెల్లును. రేగడి నేలలో గోడ మొదట్లో గుంత తవ్వడమంటే పునాదికి మనమే నీరు తాగించినట్లు. నీటిని తొట్టిలో నిలువ చేసుకొని, మిగిలినది దూరంగా గొట్టంతో తీసుకొనిపోయి ఇంకించవలెను. ఉప్పు నీటి బావుల ఊళ్ళలో తొట్టిలోని వాననీరు పప్పు ఉడకడానికీ పనికి వస్తుంది.

మేడమీద గది వేయవచ్చునా అని మా తమ్ముడు అడిగినాడు. పాత గోడ మొదట్లో కొంచెం పూత గీకి, రాళ్ళ నడుమనున్న అడుసును మేకుతో గీచి చూచినాము. పొడిగా రాలినది. మట్టి అడుసు గోడ మిద్దెను మోస్తున్నది. ఇంకొక అంతస్తు మోయమనడం ముసలి ఎద్దు మీద రెండు బస్తాలు వేసినట్లు. మేడ తప్పనిసరి అయితే ఇంటి బయట వేరే కంబాలు నిలిపి, పాత కప్పును తాకకుండా దాని మీదుగా కొత్త కప్పు వేయవలెను. అది ఇంజనీరు లెక్క కట్టవలసిన పని, మేస్త్రి నోటి లెక్కతో కాదు. వాస్తు చూపించుకోవడం మనవారికి అలవాటు, మేమూ చూపించుకొన్నాము. నేలకూ ఒక వాస్తు ఉన్నది, దానిని గుద్దలితో చూడవలెను.

ఇక ఇంటి ముఖం. ఈ ప్రయాణంలో మాకు ఎక్కువ సంతోషం, ఎక్కువ దిగులు కలిగించినది ఇదే. కోవిల్పట్టి సందులలో పాత ఇండ్లకు ముందు మెరిసే పలకరాళ్ళు అతికించి, ఉక్కు కటకటాలు పెట్టి, మూడు రంగులు వేస్తున్నారు. తప్పు కాదు, ఎవరి ముచ్చట వారిది. అయితే మట్టి అడుసు గోడకు సిమెంటు పూత, దానిమీద పలక వేస్తే లోపలి చెమ్మ బయటికి రాలేదు. చెమ్మ లోపలే నిలిచి ఉప్పు పొంగి, పూత పొరలుగా ఊడుతుంది. సున్నపు గోడకు సున్నమే మందు. ఊడిన చోట గీకి, బాగా నానిన సున్నం ఇసుకతో పూసి, ఆరిన తరువాత సున్నపు నీరు పలుచగా మూడు నాలుగు సార్లు కొట్టించినాము. రంగు కావాలంటే కావిరంగు కొంచెం కలుపుకొనవచ్చును. కొత్త గది సిమెంటు గోడకు మాత్రం బజారులో దొరికే ఎమల్షన్ రంగు వేసినాము. రెండు గోడలకు రెండు మందులు, చూడడానికి ఒకే చాయ. మిద్దె మీద ప్రతి వేసవికి ముందు తెల్ల సున్నం కొట్టిస్తే లోపల వేడి తగ్గునని మన పెద్దలకు తెలుసు. నేడు చల్లని కప్పు అని పేరు పెట్టి చెప్పుచున్నదీ ఇదే.

గాలి సంగతి చెప్పెదమంటిమి. ఆషాఢంలో పడమటి గాలి ముందు వరండా రేకులను గాలిపటం చేస్తుంది. రేకులు వేసేవారు కొక్కెపు బోల్టులతో అడుగున ఇనుప కమ్మికి బిగించవలెను. రాళ్ళ బరువును నమ్మరాదు. కొత్త గదికి పడమట చిన్న కిటికీ, దానికి లోతైన చూరు పెట్టించినాము. గాలి వస్తుంది, సాయంకాలపు ఎండ రాదు.

ఎట్టయపురంలో సుబ్రహ్మణ్య భారతి 1882లో పుట్టిన ఇంటిని ప్రభుత్వం స్మారకంగా కాపాడుతున్నది. ఆ ఊరిలో అరమనా ఉన్నది. పాంచాలంకురిచ్చిలో 1801 యుద్ధం తరువాత ఇంగ్లీషువారు కోటను నేలమట్టం చేసినారు. ఇప్పుడు చూచేది 1974లో ప్రభుత్వం కొత్తగా కట్టినది. బాగానే ఉన్నది, కాని పడగొట్టిన తరువాత కట్టినది కొత్తదే, పాతది కాదు. ఈ మాట ఆ రోజు ఊరికే అనుకొన్నాము. ఇంటికి వచ్చిన తరువాత అదే మాకు పెద్ద ప్రశ్న అయినది.

ఏమంటే మా ఇంటి ముందు వీధికి రెండు వైపులా రెండు తిన్నెలున్నవి. కొందరు అరుగులంటారు. తమ్ముడు కారు కొన్నాడు, అది వీధిలో ఉన్నది. ఎడమ తిన్నె తీసివేస్తే కారు నిలుచును, ముందుభాగమూ కొత్తగా కనబడునని అతని మాట. మరదలు పటం కూడా గీయించి తెచ్చినది. ఖర్చు ఎక్కువ కాదు. మాకు కూడా ఆ మాట న్యాయంగానే తోచినది. చిన్నాయన ఏమీ అనలేదు.

అమ్మ మాత్రం అడిగినది: “తిన్నె తీసేస్తే ఎండన పడి వచ్చినవాణ్ణి యాడ కూర్చోబెడతారురా? లోపలికి రమ్మంటే వాడు రాడు. వీధిలో నిలబెట్టి మాట్లాడతారా?”

ఎవరమూ బదులు చెప్పలేకపోయినాము. పాలవాడు, పొలం కౌలుకు చేసేవాడు, కరెంటు బిల్లు చదువుకొననివారు, ఎదురింటి అవ్వ, వీరంతా మా ఇంటికి వచ్చేది ఆ తిన్నె వరకే. మా అమ్మ తెలుగు మాటలాడేదీ ఎక్కువగా అక్కడే. లోపల టీవీ తమిళం, పిల్లల చదువు ఇంగ్లీషు. సాయంకాలం నలుగురు ముసలమ్మలు తిన్నె మీద చేరితే గాని మా మనుమలకు తెలుగు చెవిన పడదు. దూలము, వాసము, గూడు, పెరడు, గడప అన్న మాటలు పిల్లలు నేర్చుకొన్నది ఆ చోటనే.

తమ్ముడు రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. తరువాత పెరటివైపు పోయి టేపు పట్టి కొలిచినది అతనే. పూర్వం బండి, ఎడ్లు ఉండిన కొట్టం అక్కడ పాడుపడి ఉన్నది. సందు వైపు గేటు పదడుగులు చేస్తే కారు సులభంగా దూరుతుంది. బండి నిలిచిన చోట బండే నిలిచినది. తిన్నెల మీద పగిలిన గచ్చు తీయించి, కడప రాతి పలకలు పరిపించినాము. అమ్మ ఎక్కడానికి ఒక మెట్టు, పట్టుకొనడానికి ఒక కమ్మి పెట్టించినాము. ఇంటి ముఖానికి మేము చేసిన పెద్ద మార్పు ఇదే.

కట్టడపు అనుమతి గురించి ఒక మాట. గది చేర్చడానికీ పట్టణ పంచాయతీ కచేరీలో పటం ఇచ్చి అనుమతి పొందవలెను. హద్దు నుండి ఎంత వదలవలెనో 2019 నాటి తమిళనాడు నియమాలలో ఉన్నది. 2024 నుండి 2,500 చదరపు అడుగుల లోపు స్థలంలో 3,500 చదరపు అడుగుల వరకు కొత్త ఇల్లు కట్టేవారికి స్వీయ ధృవీకరణ పద్ధతి వచ్చినది. పాత ఇంటికి చేర్పు పని అయితే ముందు కచేరీలో అడిగి తెలుసుకొనడం మేలు. పాత పత్రాలు, పన్ను రసీదులు ఒక సంచిలో పెట్టుకొని పోతే రెండుసార్లు తిరుగవలసిన పని తప్పుతుంది.

చైత్రంలో పునాది వేసి శ్రావణానికి గది ముగించినాము. కార్తీకంలో మూడు రోజులు ఎడతెగని వాన. నాలుగవ రోజు మేము సెలవు పెట్టి ఊరికి పోయి పట్టీ విప్పి చూచినాము. అంగుళపు ఖాళీ పైభాగంలో నూలుపోగంత విచ్చినది, అడుగున అలాగే ఉన్నది. పాత గోడలో కొత్త బీట లేదు, కొత్త గోడలో అసలే లేదు. ఇంకా రెండు వానకాలాలు చూడవలెనని మేస్త్రి అన్నాడు. చూస్తాము.

ఇల్లు పెంచుకొనదలచిన మనవారికి మా మనవి. పటం గీయించకముందు మీ ఇంటి మూలన ఒక గుంత తవ్వించి నేలను చూడండి; పాత గోడ దేనితో కట్టినారో గీకి చూడండి; వాననీరు ఎటు పోతున్నదో ఒక వానలో గొడుగు పట్టుకొని నిలిచి చూడండి. ఈ మూడింటికీ ఖర్చు లేదు. ఏదైనా తీసివేయాలని తోచినప్పుడు, దానిని రోజూ వాడుకొనేవారు ఎవరో వారిని అడిగి తీసివేయండి. వారు సాధారణంగా ఇంటిలో పెద్దవారై ఉంటారు, పటం చూచి చెప్పలేరు. చోటు చూపించి అడిగితే చెప్పగలరు.